వాణికి, కందిపొడి డబ్బా కింద పెట్టిన ఉత్తరం

చి.ల.సౌ. వాణికి నాన్న ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు, అల్లుడు గారు, బుడ్డోడు క్షేమమని తలుస్తాను.

వరద తీసింది. ధవళేశ్వరం దగ్గర 13.75 అడుగులకి రాగానే రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. కనకాయలంక కాజ్‌వే ఎప్పటిలాగే ముందు మునిగింది, టీవీవాళ్ళు ఎప్పటిలాగే మోకాల్లోతు నీళ్ళలో నిలబడి మాట్లాడారు. మన గుమ్మం దాకా రాలేదు. మీ అమ్మ మాత్రం 86 వరద తలుచుకుని బియ్యమంతా అటకెక్కించింది. దించడానికి సూరిబాబు వచ్చేదాకా పక్కింటి నుంచి సోలెడు బియ్యం అప్పు తెచ్చి వండింది. కొబ్బరికి తెల్లదోమ మళ్ళీ తగులుకుంది. కాయ ధర ఫరవాలేదు గానీ దింపు తీసేవాళ్ళు దొరకడం లేదు.

ఫోన్లో చెప్పొచ్చు కదా, ఉత్తరం ఎందుకంటావేమో. నువ్వు ఫోన్ చేస్తే మీ అమ్మ స్పీకరు పెడుతుంది. అయినా ఈమధ్య నువ్వు చేస్తే కదా! వాట్సాప్‌లో ఆ బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంటున్నావు. రాత్రి డ్యూటీలని తెలుసు. తెలిసినా ఆదివారం పొద్దున్నే మీ అమ్మ ఫోను చార్జింగు పెట్టుకుని కూర్చుంటుంది.

మొన్న వరలక్ష్మి పిన్ని వచ్చింది. అమ్మ కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళగానే, "వాణి బ్యాగులో తుపాకీ పెట్టుకుని డ్యూటీకి వెళ్తోందటగా బావగారూ" అంది. వాళ్ళ అల్లుడు చెప్పాడట. పిన్ని మాటల్లో సగం తీసెయ్యాలని నాకు తెలుసు. మిగిలిన సగం గురించే ఈ ఉత్తరం. కాదు, ఉత్తరం ఎలాగూ రాద్దామనే అనుకుంటున్నాను, పార్సెల్ పంపుతున్నాం కదా.

చంటి ఇంజనీరింగు మూడో ఏడు పాసయ్యాడు. దొడ్డమ్మ కళ్ళ ఆపరేషన్ బాగా జరిగింది, ఇప్పుడు అందరి చీరలకీ వంకలు పెడుతోంది.

నువ్వు కొన్నావో, కొందామనుకుంటున్నావో నాకు తెలియదు. కోపం మాత్రం లేదు. పార్కింగులో మీ తోటి నర్సు పర్సు లాక్కుపోయారని నువ్వే చెప్పావు. ఆ చెప్పడంలోనే నీ గొంతు తేడాగా ఉంది. సర్వీసంతా పోలీసు ఆర్మ్‌డ్ రిజర్వులో తుపాకులు విప్పి, తుడిచి, నూనె రాసినవాణ్ణి, నన్ను ఒక్క మాట అడిగి ఉండొచ్చు కదా అనిపించింది, అంతే.

ఇక్కడైతే ఆ గొడవే వేరు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం అర్జీ పెట్టుకోవాలి, పోలీసు విచారణ జరగాలి, ఎందుకు కావాలో చెప్పి ఒప్పించాలి. బోరంటే గొట్టం రంధ్రం కొలత. 9 ఎం.ఎం. నిషేధిత బోరు, మామూలు మనిషికి ఇవ్వరు, .32 బోరుతో సరిపెట్టుకోవాలి. ఆడవాళ్ళ కోసమని 2014లో కాన్పూరు ఫ్యాక్టరీవాళ్ళు అరకిలో బరువుతో నిర్భీక్ అని ఒక రివాల్వరు తెచ్చారు, ధర చూస్తే అప్పట్లోనే లక్షా ఇరవై వేల పైమాట. మీ టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి ఇరవై ఒకటి నిండినవాళ్ళు, చట్టం వద్దన్నవాళ్ళు తప్ప, లైసెన్సు లేకుండానే నడుముకి పెట్టుకుని తిరగొచ్చట. వీసా మీద ఉన్నన్నాళ్ళూ వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఉంటే తప్ప తుపాకీ దగ్గర ఉంచుకోవడమే నేరమట. నీకు గ్రీన్ కార్డు వచ్చిందని వీధంతా కాకినాడ కాజాలు పంచాం. అది ఇందుకు కూడా పనికొస్తుందని అప్పుడు ఎవరికి తెలుసు!

కొనేటట్టయితే ఒక మాట విను. ఆడమనిషి అనగానే షాపువాడు అన్నిటికన్నా బుల్లిది చేతిలో పెడతాడు. బుల్లిది దాచుకోవడానికి సుఖం, పేల్చడానికి కష్టం. బరువు లేకపోతే అది తన్నే తన్నంతా మణికట్టుకే. గ్లాక్ 19 అనే పిస్తోలుకి గొట్టం నాలుగు అంగుళాలు, తూటాలు 15, చేతినిండా ఉంటుంది, నడుముకి కాస్త ఎత్తుగా కనబడుతుంది. సిగ్ పి365 అనే ఇంకో పిస్తోలుకి గొట్టం మూడు అంగుళాల పైచిలుకు, మామూలు మ్యాగజీనులో (తూటాలు పెట్టే డబ్బాలో) 10, ఖాళీగా అరకిలో. .380 అనే చిన్న తూటాకి తన్ను తక్కువ గానీ మరీ చిన్న తుపాకీలో ఆ లాభం కాస్తా పోతుంది. పిస్తోలు పైన జరిగే స్లైడు వెనక్కి లాగాలంటే, ఆ గ్రైండరు సంగతి జరిగాక నీ ఎడమ బొటనవేలుకి పట్టేదీ? స్మిత్ అండ్ వెస్సన్‌వాళ్ళు ఈజీ అని తేలిగ్గా లాగే రకం చేశారు. రివాల్వరుకి స్లైడు బాధ లేదు, కానీ ట్రిగ్గరు బరువు, చిన్నవాటిలో అయిదే తూటాలు. ఏది చూసినా ముందు రేంజిలో అద్దెకి తీసుకుని పేల్చి చూడాలి.

వద్దని రాయడానికి కూర్చుని ఏది కొనాలో రాస్తున్నాను. మీ అమ్మ చూస్తే ఇద్దరికీ పెడుతుంది.

బ్యాగులో మాత్రం వద్దే వద్దు. గ్లాకుకి పక్కన సేఫ్టీ మీట ఉండదు. ట్రిగ్గరు మధ్యలో ఒక చిన్న రేకు ఉంటుంది, దాంతో కలిపి నొక్కితే పేలుతుంది, అది నీ వేలా, పెన్నా అని చూడదు. నీ బ్యాగు నాకు తెలియదూ? తాళాలు, క్లిప్పులు, బుడ్డోడి బిస్కెట్ల పొడి. ట్రిగ్గరు మొత్తం మూసే గట్టి హోల్‌స్టర్ లేకుండా తుపాకీ ఒంటి మీదా ఉండకూడదు, సంచిలోనూ ఉండకూడదు. ఇంకొకటి. ఆసుపత్రి లోపలికి అది తీసుకెళ్ళకూడదు, అక్కడి చట్టమే ఒప్పుకోదు. అంటే డ్యూటీ అయ్యేదాకా కారులో వదలాలి. రాత్రంతా పార్కింగులో ఉన్న కారు అద్దం పగలగొట్టినవాడికి నీ పర్సు బదులు తుపాకీ దొరుకుతుంది.

మిల్లు ఆసామి సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. రామచంద్రపురం వైపాయన, పేరు రాయను, పెద్దమనిషి. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు జమ చెయ్యాలి కదా, ఆ ఏడు వచ్చినవన్నీ చూసి ఖాళీ చేయించమని నన్ను అక్కడి స్టేషనుకి పంపారు. ఆయన తెల్లటి జేబురుమాలులో చుట్టి .32 రివాల్వరు బల్ల మీద పెట్టాడు. ధాన్యం డబ్బు తేవడానికి వెళ్ళినప్పుడల్లా ఏళ్ళ తరబడి నడుముకి కట్టుకుని తిరిగాడట. సిలిండరు తెరవబోతే కదల్లేదు. చెమటా, ఉప్పుగాలీ కలిసి గడియ దగ్గర బిగిసిపోయింది. ట్రిగ్గరూ రాలేదు. లోపల ఆరు తూటాలు అలాగే ఉన్నాయి. కిరసనాయిలు పోసి, నానబెట్టి, చెక్కసుత్తితో మెల్లిగా తట్టాను. తూటాలు ఒక్కోటీ చిలుం పట్టి పచ్చగా ఊడొచ్చాయి. "దొంగ వస్తే మొహాన విసరడానికి తప్ప ఇంక దేనికీ పనికిరాదండి, నూనె వేసి బాగు చేసిస్తాను" అన్నాను. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, "అయ్యా, నూనె వెయ్యకండి" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. ఆ సంక్రాంతికి మనవడు బీరువాలో ఇస్త్రీ పంచెల కింద అది దొరకబుచ్చుకున్నాడు. కోడలు గదిలోకి వచ్చేసరికి వాడు గొట్టం మొహం వైపు తిప్పుకుని, లోపల ఏముందోనని కన్ను పెట్టి చూస్తున్నాడు, రెండు బొటనవేళ్ళూ ట్రిగ్గరు మీద ఉన్నాయి. ఆ పిల్ల అరవలేదు. అరిస్తే అదిరి నొక్కుతాడని అరిసెల పళ్ళెం చూపించి, "రా నాన్నా" అని పిలిచింది. వాడు వదిలేసి వచ్చాడు. తర్వాత చూస్తే రెండు బొటనవేళ్ళ మీదా ట్రిగ్గరు అంచు గీత ఎర్రగా దిగి ఉందట. అంటే నొక్కాడు, గట్టిగానే నొక్కాడు. ఎన్నికలయ్యాక ఆయన దాన్ని తీసుకోవడానికి రాలేదు, లైసెన్సు వాపసు ఇచ్చేశాడు.

ఇప్పటి తుపాకులకి అంత తేలిగ్గా తుప్పు పట్టదు వాణీ. ఒళ్ళు సగం ప్లాస్టిక్, స్లైడు మీద పూత. మీ హ్యూస్టన్ ఉక్కలో ఏళ్ళు పడున్నా నొక్కితే పేలతాయి. గ్లాకు ట్రిగ్గరుకి రెండున్నర కిలోల బిగువు చాలు. కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు బుడ్డోడు మన నూతి దగ్గర నీళ్ళ చేద సగం దాకా లాగాడు. నువ్వప్పుడు నిద్రపోతున్నావు, తిడతావని చెప్పలేదు.

అందుకని ఇంట్లో ఉంటే గోడకి బిగించిన ఇనప పెట్టెలో, తాళం వేసి ఉండాలి. దిండు కిందా, బట్టల బీరువా పైనా కాదు. పదిహేడేళ్ళలోపు పిల్లలకి అందేలా వదిలేస్తే మీ దగ్గరా కేసే. పెట్టె నంబరు బుడ్డోడి పుట్టినరోజు పెట్టకు, వాడికది నోటికొచ్చు. అల్లుడు గారికి విప్పడం, ఖాళీ చెయ్యడం రావాలి. లేదా ఇదంతా ఎందుకు, డ్యూటీ దిగాక సెక్యూరిటీవాణ్ణి కారు దాకా తోడు రమ్మను. అందులో నామోషీ ఏముంది? ఆ దీపాలు లేని మూల కారు పెట్టడం మానెయ్యి. వేళకి తిను. వీడియోలో మొన్న చెంపలు పీక్కుపోయి కనబడ్డావు.

పార్సెల్‌లో ఆవకాయ, కందిపొడి, ఆత్రేయపురం పూతరేకులు, బుడ్డోడికి తాటితాండ్ర ఉన్నాయి. పూతరేకులు ముందు తినెయ్యండి, ముక్కలైపోతాయి. ఆవకాయలో తడి గరిటె పెట్టకు. అందాక ఫోన్ చెయ్యి. అమ్మ స్పీకరు పెడుతుంది కాబట్టి ఉత్తరం ఊసెత్తకు. ఏమీ కొనకపోతే "కందిపొడి బాగుంది" అను. కొనుంటే "కారం ఎక్కువైంది" అను, నాకు తెలుస్తుంది. మీ అమ్మ కారం తక్కువే వేసింది, నేను పక్కనే ఉండి చూశాను.

నాన్న