తాడేపల్లిగూడెంలో దిగిపోయిన పెద్దమ్మగారికి

మొన్న రత్నాచల్‌లో విజయవాడ వెళ్తుంటే, రాజమండ్రి దాటి బండి గోదావరి బ్రిడ్జి ఎక్కింది. అందరూ కిటికీల్లోంచి చిల్లర విసురుతున్నారు. ఆ రొదకి మా ఏడేళ్లవాడు చెవులు మూసుకుని సీట్ల మధ్య నేల మీద పడిపోయాడు, ఒకటే అరుపులు. వాడికి ఆటిజం. "రెండు తగిలించండి, వాడే ఊరుకుంటాడు" అన్నారెవరో. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది గానీ, రైల్లో జనానికి అదింకా పెంపకం లోపమే.

మీరు మాత్రం ఏమీ అడగలేదండీ. పక్కాయన ఫోన్లో పాట ఆపించి, మీ స్టీలు క్యారియర్ మూత తీసి, వాడి మొహంకేసి చూడకుండా నేల మీద గిర్రున తిప్పారు. ఆగితే మళ్లీ తిప్పారు. నాలుగోసారికి వాడి చెయ్యి చెవి మీంచి జారింది. ఐదోసారి వాడే తిప్పాడు. తిరిగే వస్తువంటే వాడికి ప్రాణమని మీకెలా తెలిసిందో! మీ ఇంట్లోనూ ఇలాంటి బిడ్డ ఉన్నాడేమో, అడగాలని తోచలేదు.

మీరు దిగేటప్పుడు వాణ్ని పట్టుకునే హడావిడిలో ఒక్క మాటైనా అనలేదు. ఇప్పుడు చెప్తున్నా, మీ మేలు మర్చిపోలేను. మూత వాడి దగ్గరే ఉండిపోయింది. మూత లేకుండా ఆ పులిహోర ఇంటిదాకా ఎలా పట్టుకెళ్లారో.