ఐఎస్‌డీ కార్డులో డయలింగ్ తప్పు: కస్టమర్ సేవా విభాగానికి ఫిర్యాదు

కస్టమర్ సేవా విభాగం మేనేజర్ గారికి,

నమస్కారం.

మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర పల్లె. మా తమ్ముడు యూఏఈలోని షార్జాలో వెల్డింగ్ పని చేస్తాడు. నాన్నగారిది బటన్ ఫోన్. స్మార్ట్‌ఫోన్ ఉన్నా ఆ దేశంలో వాట్సాప్ మెసేజ్ వెళ్తుంది గానీ కాల్ పనిచేయదు. అందుకే నాన్నగారి సిమ్‌కి మీ ఐఎస్‌డీ ప్యాక్ వేయించాం. షాపులో ఇచ్చిన మీ తెలుగు కార్డులో ఇలా ఉంది: '00, దేశం కోడ్, ఆ తర్వాత అవతలివారి మొబైల్ నంబరు మొత్తం నొక్కండి.'

ఇలా చేస్తే యూఏఈకి గానీ సౌదీకి గానీ కాల్ కలవదు. అక్కడి మొబైల్ నంబర్లు 05తో మొదలవుతాయి. ఆ సున్నా ఆ దేశం లోపల చేసుకునే కాల్స్‌కే. బయటి నుంచి చేసేవాళ్లు దాన్ని వదిలేసి 00971 తర్వాత నేరుగా 5 నొక్కాలి, సౌదీకైతే 00966 తర్వాత 5. మన శ్రీకాకుళం ఎస్టీడీ కోడ్ 08942కి కూడా విదేశం నుంచి 91 తర్వాత 8942 అనే కొడతారు. తమ్ముడి నంబరు సున్నాతో కలిపి 10 అంకెలు. మన నంబర్లూ 10 అంకెలే కాబట్టి అందులో ఒకటి ఎక్కువుందన్న అనుమానం ఎవరికీ రాదు. ఖతార్, కువైట్, ఒమన్ నంబర్లకేమో 8 అంకెలే, ముందు సున్నా ఉండదు. మీ కార్డు చూసి చేసినా అవి కలుస్తాయి. ఈ తప్పు ఇన్నాళ్లూ మీ దాకా రాకపోవడానికి బహుశా అదే కారణం.

నాన్నగారు కార్డు ముందు పెట్టుకుని చేసినప్పుడల్లా నంబరు సరిచూసుకోమని ఇంగ్లీషులో రికార్డింగ్ వచ్చేది. ఆయనకు ఇంగ్లీషు రాదు. కొడుక్కి ఏమైందోనని ఆయన, అమ్మ పడిన టెన్షన్ చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. కస్టమర్ కేర్‌కు చేస్తే ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేయమన్నారు. నంబరు ఎలా నొక్కుతున్నారని ఒక్కరూ అడగలేదు. దుబాయ్ నుంచి సెలవుకొచ్చిన మా వీధి కుర్రాడు అసలు సంగతి చెప్పేసరికి ప్యాక్ గడువు అయిపోయింది.

మా ఉద్దానంలో ఎన్నో కుటుంబాలు గల్ఫ్ సంపాదన మీదే నడుస్తున్నాయి. ఇక్కడి నుంచి ఫోన్ చేసేది ఎక్కువగా ముసలివాళ్లు, ఆడవాళ్లు. కంపెనీ అచ్చేసి ఇచ్చిన కార్డును వాళ్లు నమ్మక ఏం చేస్తారు? కంచిలి షాపులో కూడా ఇదే కార్డు చూశాను.

దయచేసి ఈ కార్డులు వెనక్కి తీసుకుని, దేశాలవారీగా ఉదాహరణ నంబర్లతో కొత్తవి ఇవ్వండి. సున్నా తీసేయమని అన్ని దేశాలకూ కలిపి రాస్తే అదీ తప్పే. ఇటలీ ల్యాండ్‌లైన్లకు సున్నా ఉంచాల్సిందే. రికార్డింగ్ తెలుగులో పెట్టండి. మేం వాడుకోలేకపోయిన ప్యాక్ డబ్బు తిరిగి జమ చేయండి.

ఈ ఫిర్యాదు నమోదైనట్టు డాకెట్ నంబరు పంపగలరు. సరైన జవాబు రాకపోతే మీ కంపెనీలో అప్పీళ్లు చూసే అప్పిలేట్ అథారిటీకి రాస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారుడి కుమారుడు,
సోంపేట మండలం.

జత: కార్డు ఫొటో, రీఛార్జి రసీదు.