వార్షిక కార్యకలాపాల నివేదిక: పర్లాకిమిడి సర్వసభ్య సమావేశానికి సమర్పణ

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, సంఘం పెద్దలకు, ఆలస్యంగానైనా వచ్చి వెనక వరుసల్లో సర్దుకున్న సోదర సోదరీమణులకు నమస్కారం. మన నియమావళి ప్రకారం ఏడాదికోసారి కార్యదర్శి చదవాల్సిన నివేదిక ఇది. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక వాటి జోలికి పోను.

ఉగాది పంచాంగ శ్రవణం ఎప్పట్లాగే జరిగింది. ఆగస్టు 29న గిడుగు వారి జయంతి జరిపాం. ఆయన పాఠాలు చెప్పిన ఊళ్ళోనే ఆ సభకు కుర్చీలు ఖాళీగా ఉన్నాయంటే ఎవరిని అనాలి? కార్తీక వనభోజనాలకు మాత్రం విస్తళ్ళు చాలలేదు. పదో తరగతి పిల్లలకు బహుమతులిచ్చిన దాతలకు, పందిరి వేయించిన వారికి, మైకు అద్దె తీసుకోని సోదరుడికి, వంటల దగ్గర పొగలో నిలబడిన తల్లులకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది, కొత్తగా వ్యాపారం పెట్టాలనుకునే మన పిల్లల కోసం, ఆడవాళ్ళ కోసం జరిపిన శిక్షణ శిబిరం. కిందటి సమావేశంలో ఈ మాట తీసుకొచ్చినప్పుడు ఒక పెద్దాయన లేచి, వ్యాపారం రక్తంలో ఉండాలి గానీ క్లాసులో వస్తుందా అన్నారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ముందుగా ఒక ఉపసంఘం వేసుకుని, దీని మీద పరిశోధకులు ఏం తేల్చారో చదివాం. మన సభ్యుల్లోని ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు ఓపిగ్గా ఆ కాగితాలన్నీ తెలుగులో విడమరిచి చెప్పారు. ఆయన పేరు రాయవద్దన్నారు, రాయడం లేదు.

ఆ పెద్దాయనకు జవాబు మనవాళ్ళ దగ్గరే దొరికింది. డేవిడ్ మెక్‌క్లెలండ్ అని హార్వర్డ్‌లో మనస్తత్వ శాస్త్రం చెప్పిన ఆచార్యుడు 1964లో తన ప్రయోగానికి ఎంచుకున్న ఊరు కాకినాడ. అక్కడి వ్యాపారుల్ని హైదరాబాద్‌లో చిన్న పరిశ్రమల వాళ్ళకు శిక్షణ ఇచ్చే సియెట్ సంస్థకు రప్పించి, సాధించాలన్న పట్టుదల పెంచే శిక్షణ ఇచ్చారు. ఇప్పుడు యూసుఫ్‌గూడలో ఎన్ఐ-ఎంఎస్ఎంఈగా ఉన్నది ఆ సంస్థే. శిక్షణ పొందినవాళ్ళు పొందనివాళ్ళ కంటే చురుగ్గా కదిలారు, కొత్త పెట్టుబడులు పెట్టారు. పాత ఆచారాలు, పాత కట్టుబాటు వాళ్ళకు అడ్డు కాలేదు. రక్తం మాట అక్కడితో తేలిపోయింది.

అలాగని ప్రతి క్లాసూ పనిచేస్తుందని కాదు. నెదర్లాండ్స్‌లో ఒక కాలేజీ విద్యార్థుల చేత చిన్న చిన్న కంపెనీలు నడిపించి చూస్తే, వాళ్ళ నైపుణ్యాల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు సరికదా, వ్యాపారం పెట్టాలన్న కోరికే తగ్గిందని 2010లో వచ్చిన పరిశోధన తేల్చింది. ఉపసంఘంలో దీని మీద పెద్ద వాదనే జరిగింది. నా మటుకు నాకు ఇది చెడ్డ ఫలితం అనిపించలేదు. అప్పు చేసి చేతులు కాల్చుకోవడం కంటే క్లాసులోనే మనసు మార్చుకోవడం నయం.

టోగో అనే ఆఫ్రికా దేశంలో 1,500 చిరు వ్యాపారాల మీద జరిపిన పరిశోధన 2017లో వచ్చింది. కొందరికి లెక్కలు, మార్కెటింగ్ లాంటి మామూలు పాఠాలు చెప్పారు. ఇంకొందరికి చొరవ నేర్పారు, అంటే ఎవరో చెప్పేదాకా ఆగకుండా గిరాకీని ముందే పసిగట్టడం, అడ్డంకి వస్తే ఇంకో దారి వెతకడం. చొరవ నేర్చినవాళ్ళ లాభం 30 శాతం పెరిగింది. మామూలు పాఠాల వాళ్ళది 11 శాతం అన్నారు గానీ, అది కచ్చితమైన తేడా అని చెప్పలేమట. ఇంకో ముఖ్యమైన సంగతి, రెండు రకాల వాళ్ళనూ క్లాసులతో వదిలేయలేదు, ట్రైనర్లు తర్వాత దుకాణాలకు వెళ్ళి చూశారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీనితో నాకు కొంచెం పని ఉంది.

చదివినదాన్ని బట్టే శిబిరం నడిపాం. లెక్కల పాఠం ఒక్క మాటకు కుదించాం: ఇంటి డబ్బు ఒక డబ్బాలో, కొట్టు డబ్బు ఇంకో డబ్బాలో. డొమినికన్ రిపబ్లిక్‌లో పూర్తి అకౌంట్స్ చెప్పినవాళ్ళ కంటే ఇలాంటి మోటు సూత్రాలు చెప్పినవాళ్ళే లెక్కలు బాగా రాసుకున్నారు. ఆడవాళ్ళను ఒక స్నేహితురాలిని వెంటబెట్టుకుని రమ్మన్నాం. అహ్మదాబాద్‌లో సేవా బ్యాంకు మహిళలకు రెండు రోజుల శిక్షణ ఇస్తే, స్నేహితురాలితో వచ్చినవాళ్ళే ఎక్కువగా వ్యాపారానికి అప్పు తీసుకుని వాడుకున్నారు. మన దగ్గర కూడా జంటగా వచ్చినవాళ్ళు చివరి రోజు దాకా కూర్చున్నారు. ఒంటరిగా వచ్చినవాళ్ళలో కొందరు భోజనాల తర్వాత కనిపించలేదు.

ప్రాజెక్ట్ రిపోర్ట్ రాయించలేదు. సరస్ సరస్వతి అనే పరిశోధకురాలు 27 మంది అనుభవజ్ఞులైన వ్యాపారవేత్తల ముందు ఒక సమస్య పెట్టి, వాళ్ళు ఎలా ఆలోచిస్తారో విన్నారు. ఎంత లాభం వస్తుందో లెక్కగట్టడం కంటే, నా దగ్గర ఏముంది, నాకేం తెలుసు, నాకు తెలిసినవాళ్ళెవరు, పోతే పోనీ అనుకోగల సొమ్మెంత అన్నవే వాళ్ళు ముందు చూసుకున్నారు. మనవాళ్ళ చేత ఆ నాలుగే రాయించాం. ఒకమ్మాయి కాగితం మీద రాగి జంతికలు, అత్తగారి చేతిరుచి, పక్కింటి ఫ్రిజ్ అని రాసింది. కొమ్ము దువ్వెనలు చేసే కుటుంబం నుంచి వచ్చిన కుర్రాడు తండ్రి పనిముట్లే పెట్టుబడి అన్నాడు. చివరి రోజు రైల్వే స్టేషన్ దారిలో అందరి చేతా సరుకు అమ్మించాం. 1900లోనే రాజావారు సొంత ఖర్చుతో నౌపడ నుంచి రైలు వేయించిన ఊరిది, బేరం మనకు కొత్త కాకూడదు. జంతికలు మధ్యాహ్నానికే అయిపోయాయి. దువ్వెనలు అంతగా పోలేదు, ధర పలకడం రాక.

అన్నిటికంటే గోల జరిగింది సరిహద్దు పన్ను క్లాసులో. మనది ఒడిశా, మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రలోని పాతపట్నం, సంతకు నడిచిపోయే దూరం. కానీ జీఎస్టీ లెక్కలో అది వేరే రాష్ట్రం. పన్ను పడే సరుకు ఒడిశా లోపల అమ్ముకుంటే టర్నోవర్ లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, నది దాటించి అమ్మితే మొదటి రూపాయి నుంచే కావాలి. సేవలకు, చేతివృత్తి వస్తువులకు కొంత మినహాయింపు ఉంది. ఇది విని పలాస నుంచి జీడిపప్పు తెచ్చి ప్యాకెట్లు కట్టి అటే అమ్మాలనుకున్న ఇద్దరు తలలు పట్టుకున్నారు. ముందే తెలియడం మేలే కదా.

సబ్సిడీ గురించీ అపోహలు తీరాయి. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో పల్లెలో యూనిట్ పెట్టే మహిళకు ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం దాకా సబ్సిడీ ఉంది. కానీ అది చేతికి రాదు, మూడేళ్ళు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తుంటేనే అప్పులోకి జమ అవుతుంది. సబ్సిడీ డబ్బుతో ముందు ఇంటి స్లాబు వేద్దామనుకున్నవాళ్ళు అక్కడే నీరసపడ్డారు.

అధికారుల సంగతి. ప్రారంభానికి రమ్మంటే ఒకాయన వచ్చి, దీపం వెలిగించి, ఫోటో దిగి, పథకాల ఫారాలు పంపిస్తానని వెళ్ళారు. ఇంకా పంపుతూనే ఉన్నారు. ఒక బ్యాంకు శాఖలో ముద్ర శిశు రుణానికి, అంటే 50,000 లోపు అప్పుకు, హామీ అడిగారు. ఆ రుణానికి హామీ అక్కర్లేదని మన అధ్యక్షులు వెళ్ళి చెబితే సిస్టమ్ డౌన్ అన్నారు. అధ్యక్షులకు కృతజ్ఞతలు, ఆయన స్కూటరు పెట్రోలుకు మనం ఏమీ ఇవ్వలేదు.

ఇప్పుడు టోగో మాట. శిబిరం రోజున దండలు వేయించుకున్న మన వ్యాపారస్తులు చాలామంది నెలకోసారి ఒక కొత్త దుకాణానికి వెళ్ళి చూస్తామని మాటిచ్చి సంతకాలు పెట్టారు. వెళ్ళినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అదీ ఒక చేతి వేళ్ళే. ఫోన్ చేస్తే పెళ్ళిళ్ళ సీజన్ అన్నారు, తర్వాత ఆడిటింగ్ అన్నారు, తర్వాత ఎత్తడం మానేశారు. దువ్వెనల కుర్రాడు ఇప్పుడు విశాఖలో సెక్యూరిటీ ఉద్యోగం చేస్తున్నాడు. ధర ఎలా పలకాలో వారానికి ఒక గంట చెప్పే మనిషి దొరికి ఉంటే ఏమయ్యేదో మీరే ఆలోచించండి. జంతికల అమ్మాయికి మాత్రం ఒక కిరాణా కొట్టు యజమాని స్వయంగా బల్ల మీద చోటిచ్చి, ప్యాకెట్ల మీద తేదీ వేయడం నేర్పారు. ఆవిడ వ్యాపారం నడుస్తోంది. ఆ యజమానికి ఈ సభ చప్పట్లు కొట్టాలి.

శిబిరం వల్ల ఎన్ని దుకాణాలు తెరిచారని కొందరు అడుగుతున్నారు. తెరిచినవి తక్కువే. ఆలోచన మానుకున్నవాళ్ళ పేర్లూ రాసి ఉంచాం, ఎందుకు మానుకున్నారో కూడా. వచ్చే శిబిరానికి ఆ పుస్తకమే ఎక్కువ పనికొస్తుంది.

జమాఖర్చుల పట్టిక చివరి పేజీకి పిన్ను కొట్టాం, కోశాధికారి గారు సంతకం చేశారు, తనిఖీ అయింది. చందా బకాయిలున్నవారు భోజనాలకు ముందే ఆయన్ని కలవాలి. మంటపం అద్దె కొంత ఇంకా కట్టాల్సి ఉంది.

వచ్చే ఏడాది శిబిరం సంక్రాంతి తర్వాత పెట్టాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. ఈసారి దండలు ప్రారంభం రోజు వేయం. ఆరు నెలలు దుకాణాలు తిరిగి చూసినవారికి ఆఖరి సభలో వేస్తాం. పేరివ్వదలచినవారి కోసం తలుపు దగ్గర నోటుబుక్కు ఉంది, ఫోన్ నంబరు పక్కనే ఏ వారం ఖాళీగా ఉంటారో కూడా రాయండి. ఈ నివేదికను ఆమోదించవలసిందిగా సభను కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి