టీవీ వ్యంగ్యానికి ముందు జీవో కాపీ కావాలి

సంపాదకుడు గారికి,

రాత్రి వార్తల తర్వాత టీవీల్లో వచ్చే రాజకీయ హాస్యం చూస్తుంటే బాధేస్తోంది. నాయకుడి నడక, గొంతు, బట్టతల, చివరికి ఆయన ఇంట్లో ఆడవాళ్లు... అంతా వీటి చుట్టూనే తిరుగుతోంది. ఆయన ప్రభుత్వం ఇచ్చిన జీవో మాత్రం స్కిట్‌లోకి రావడం లేదు.

బుర్రకథలో కథకుడికి చెరోపక్కన వంతపాడే ఇద్దరు, రాజకీయ వంత, హాస్య వంత ఉంటారు. ఒకరు అప్పటి పాలన సంగతి ఎత్తుకుంటారు, ఇంకొకరు నవ్విస్తారు. మన గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన బుర్రకథకుడు నాజర్ ఆ ఇద్దరినీ వెంటబెట్టుకునే జనాన్ని కదిలించారు. నేటి టీవీలో మిగిలింది హాస్య వంత ఒక్కడే.

సరుకు లేక కాదు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయినప్పుడు మార్కెట్ జోక్య పథకం కింద కేంద్రం క్వింటాకు రూ.11,781 ప్రకటించింది. ఆ ధర వర్తించే పరిమితి 2.91 లక్షల టన్నులు. ఇందులో మూడు నిమిషాల స్కిట్ సిద్ధంగా ఉంది. యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) దించిన రైతు, కమీషన్ ఏజెంటు, రిజిస్టర్ పట్టుకున్న గుమస్తా చాలు. ధర, తేదీ, ప్రకటించింది ఎవరన్నది మొదటి అర నిమిషంలోనే చెప్పేయాలి. ఆ తర్వాత రైతు, ‘నా టిక్కీలు ఆ 2.91 లక్షల లోపలా, బయటా?’ అని అడగాలి. ‘తాలు కాయకీ (నాసిరకం మిర్చికీ) ఇదే ధరా అండీ?’ అనాలి. గుమస్తా రిజిస్టర్‌లో పేజీలు తిప్పుతూనే ఉండాలి. ఎవరి గొంతూ అనుకరించక్కర్లేదు, ఎవరి యాసనీ వెక్కిరించక్కర్లేదు.

ఇది ఎందుకు జరగదంటే, పొద్దుటి ప్రెస్‌మీట్ మీద సాయంత్రానికల్లా స్కిట్ కావాలంటారు. జీవో తెప్పించి చదివే తీరిక ఎవరికీ ఉండదు. మిమిక్రీ మొదలైన పది సెకన్లలో నవ్వు వస్తుంది, రచన అక్కడే ఆగిపోతుంది. మిగతాది రికార్డు చేసిన నవ్వులతో నింపేస్తారు. ఏ ఛానల్ ఏ పార్టీ జోలికి పోదో ఇంటింటా తెలిసిందే కనుక దాని గురించి ఎక్కువ రాయను.

క్లిప్పుల గొడవ ఇంకొకటి. ‘ఇది వ్యంగ్యం’ అన్న పలక కార్యక్రమం మొదట్లో ఒక్కసారి వేసి ఊరుకుంటారు. ఎవరో మధ్యలో ఇరవై సెకన్లు కత్తిరించి వాట్సాప్‌లో పెడితే, చూసినవాళ్లు అది నిజమైన ప్రసంగమే అనుకుంటారు. ఆ పలక తెర మూలన ఆసాంతం ఉండాలి. నాయకుడి అసలు మాటలు వాడితే ముందు వాక్యం, వెనక వాక్యం తీసేయకూడదు.

అలాగని జోకు నచ్చనప్పుడల్లా పోలీసు స్టేషన్‌కి పరుగెత్తడం సరికాదు. మూడు నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే నేరమైతే, కేసు కట్టే ముందు డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరిపే వీలు, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173(3)లో ఉంది. మాటకు, రాతకు సంబంధించిన ఇలాంటి ఫిర్యాదుల్లో ముందు ఆ విచారణ జరపడమే తగినదని సుప్రీంకోర్టు 2025 మార్చి 28న చెప్పింది. మన స్టేషన్లలో దీన్ని పాటించాలి.

ప్రేక్షకులకు వేరే దారి ఉంది. ప్రాంతాల వారినీ, భాషల వారినీ చులకన చేసి చూపడాన్ని కేబుల్ టీవీ నిబంధనల్లోని ఆరో నిబంధన కూడదంటోంది. 2021 సవరణ ప్రకారం ముందు ఛానల్‌కే ఫిర్యాదు రాయాలి. 24 గంటల్లో అందినట్టు రసీదు, 15 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా మరో 15 రోజుల్లోపు ఛానల్ సభ్యత్వం ఉన్న స్వీయ నియంత్రణ సంస్థకు అప్పీలు చేయొచ్చు. ఫిర్యాదులో కార్యక్రమం పేరు, తేదీ, ప్రసార సమయం, అభ్యంతరమున్న వాక్యం ఉన్నదున్నట్టు రాయండి. ‘చాలా అసభ్యంగా ఉంది’ అని మాత్రమే రాస్తే ఏ వాక్యం గురించో వాళ్లకి తెలియదు, ఫిర్యాదు పక్కన పడుతుంది.

– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు