కాలనీ సంఘం 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారాలు.

మన పిల్లల రక్తంలో సీసం ఎంత ఉందో తేల్చే అధ్యయనాన్ని ప్రభుత్వ నిధులతో చేయించాలన్న ప్రయత్నంలోనే ఈ ఏడాది చాలా వరకు గడిచింది. వెనుక వీధిలో పాత బ్యాటరీలు విప్పి సీసం తీసే షెడ్ల సంగతి అందరికీ తెలిసిందే. పెట్రోలులో సీసం 2000లో ఆగిపోయింది, ఇంటి రంగుల్లో అది 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) మించరాదన్న నిబంధన 2017 నవంబరులో అమలులోకి వచ్చింది. అయినా మన పార్కు ఉయ్యాల స్తంభాన్ని గోటితో గీకితే నీలం కింద ఆకుపచ్చ, దాని కింద పసుపు, ఇలా పాత రంగుల పెచ్చులు ఇంకా రాలుతూనే ఉన్నాయి.

భారత వైద్య పరిశోధన మండలి పరిశోధన నిధులు కాలనీ సంఘాలకు నేరుగా అందవు కనుక, ఒక వైద్య కళాశాల ఆచార్యుల ద్వారా ప్రతిపాదన పంపించాం. మనుషులపై చేసే పరిశోధనలను పరిశీలించే ఎథిక్స్ కమిటీ ఆమోదం, తల్లిదండ్రుల లిఖితపూర్వక అంగీకారం కూడా అవసరం. ఈలోగా మట్టి పరీక్షకు అర్జీ పెడితే, ఒక శాఖ మరో శాఖను చూపించింది, ఆ శాఖ తిరిగి మొదటి శాఖకే పంపింది. షెడ్ల యజమానులు ఇస్తామన్న విరాళాన్ని కార్యవర్గం మర్యాదగానే వద్దంది. వారి సొమ్ముతో చేయించిన పరీక్షను రేపు మనమే నమ్మం.

ఈ ఏటి పనుల్లో సగర్వంగా చెప్పుకోదగ్గది కమ్యూనిటీ హాలులో జరిగిన అవగాహన సదస్సు. సీసానికి సురక్షితమైన మోతాదంటూ లేదని, డెసిలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాములు ఉన్నా అది ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిందని డాక్టరుగారు వివరిస్తుండగా, ఒక పెద్దమ్మగారు చారు కాచే ఈయచెంబును సంచిలోంచి తీసి బల్లమీద పెట్టారు. చెంబు మేలిమి తగరమైతే భయం లేదని, సీసం కలిసిందైతే చింతపండు పులుపుకు అది చారులోకి దిగుతుందని ఆయన చెప్పగానే హాలంతా నిశ్శబ్దమైంది. ఆ చెంబు నేటికీ సంఘం బీరువాలోనే ఉంది.

హాలు ఉచితంగా ఇచ్చిన దాతకు, మైకుసెట్టు, మజ్జిగ ఏర్పాటు చేసినవారికి, సర్వే కోసం ఎండలో ఇల్లిల్లూ తిరిగిన మహిళా సభ్యులకు కృతజ్ఞతలు. సర్వేకు పేర్లిచ్చినవారు చాలామందే ఉన్నా ప్రతి ఆదివారం కనిపించినవి ఆ నాలుగు ముఖాలే అని రాయక తప్పడం లేదు.

ఆడిటరుగారు సంతకం చేసిన జమాఖర్చుల పట్టిక వెనుక పుటలో ఉంది.

చివరి రెండు వీధుల సర్వే ఇంకా మిగిలి ఉంది. నిజంగా రాగలిగినవారు మాత్రమే సభ ముగిసేలోగా కోశాధికారిగారి వద్ద పేర్లు నమోదు చేసుకోగలరు.

ఇట్లు,
కార్యదర్శి, తిరుపతి