మా ఊరి చరిత్రను ఒకే చోట వెతకనివ్వండి: తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారం.

తిరుపతి మీద పరిశోధన చేసేవాళ్లకు ఇక్కడ సరుకుకు కొదవ లేదు. ప్రాచ్య పరిశోధన సంస్థలో తాళపత్రాలున్నాయి. కొండ మీద ఎస్వీ మ్యూజియం, చంద్రగిరి కోటలో పురావస్తు శాఖ మ్యూజియం, ఊళ్లో గ్రంథాలయాలు ఉన్నాయి. ఒక పేరు కొడితే వీటన్నిటిలో ఎక్కడేముందో చూపించే ఉమ్మడి సూచిక మాత్రం కావాలి.

తిరుపతినే తీసుకోండి. 1911 వరకు ఇది ఉత్తర ఆర్కాడు జిల్లాలో ఉండేది. తర్వాత చిత్తూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి సొంత జిల్లా. కంపెనీ కాలపు ఇంగ్లీషు కాగితాల్లో దీన్ని ‘ట్రిపెట్టీ’ అని కూడా రాశారు. ఇప్పటి పేరుతో, ఇప్పటి జిల్లాలో వెతికే విద్యార్థికి ఆ పాత కాగితాలేవీ తగలవు. ఎంత నష్టమో చూడండి!

ఇందుకోసం ఉన్న సాఫ్ట్‌వేర్లను తీసేయనక్కర్లేదు. గ్రంథాలయాలకు ఈ-గ్రంథాలయ, మ్యూజియంలకు జతన్ ప్రభుత్వం తయారు చేయించినవే. పేరు, కర్త, కాలం, స్థలం, ఇప్పుడున్న చోటు, ఈ నాలుగైదు వివరాలను డబ్లిన్ కోర్ (పుస్తకాలు, వస్తువుల వివరాలు రాసే అంతర్జాతీయ ప్రమాణం) లాంటి ఒకే పద్ధతిలో అందరూ ఇస్తే చాలు. తాళపత్రం దాని బీరువాలోనే ఉంటుంది, వివరం మాత్రం అందరికీ చేరుతుంది. ఐరోపాలో 2008 నుంచి అక్కడి గ్రంథాలయాలు, మ్యూజియంల ఉమ్మడి వెబ్‌సైటు యూరోపియానా చేస్తున్నది ఇదే.

అసలు కష్టమంతా పేర్ల పట్టికలో ఉంది. తాళ్లపాక అన్నమాచార్యులు, అన్నమయ్య ఒకరేనని కంప్యూటరుకు ఎవరో ఒకరు చెప్పాలి. ఆ పని తెలుగు, చరిత్ర శాఖల విద్యార్థులు చక్కగా చేయగలరు, వాళ్లకు తగిన భృతి ఇప్పించండి.

ముందుగా ఈ సంస్థల బాధ్యులందరినీ ఒకసారి మీ కార్యాలయానికి పిలిచి కూర్చోబెట్టమని మా విన్నపం.

ఇట్లు,
తిరుపతి పాఠకుడొకరు