గ్యాస్ కంపెనీ నుంచి కరెంటు బిల్లు

ఒసాకా

నాన్నకి నమస్కారాలు.

ఇక్కడ మేం బాగున్నాం. "గ్యాస్ వాళ్లు మీకు కరెంటు బిల్లు పంపడమేంటే?" అని మొన్న ఫోన్లో అడిగారు. చెప్పేలోపు అమ్మ ఫోన్ లాక్కుని గోంగూర దొరుకుతోందా అని మొదలెట్టింది. అందుకే రాస్తున్నాను.

జపాన్‌లో 2016 ఏప్రిల్ నుంచి ఇళ్లకు కరెంటు ఎవరి దగ్గరైనా కొనుక్కోవచ్చు. మరుసటి ఏడాది గ్యాస్‌కూ అదే పద్ధతి వచ్చింది. ఇంకేముంది, ఒసాకా గ్యాస్ కరెంటులోకి, కాన్సాయ్ ఎలక్ట్రిక్ గ్యాస్‌లోకి దిగాయి. ఒకరి ఖాతాదారుల మీద ఒకరికి కన్ను. మేం రెండూ ఒకేచోట తీసుకున్నాం. ఒసాకా గ్యాస్‌కి సెన్‌బోకులో, ఓడల్లో ఎల్‌ఎన్‌జీ (బాగా చల్లబరిచి ద్రవంగా మార్చిన గ్యాస్) దిగే చోటికి దగ్గర్లోనే, సుమారు 1,100 మెగావాట్ల సొంత విద్యుత్ కేంద్రం ఉంది. చేతిలో ఉన్న గ్యాస్‌తోనే కరెంటు, అంతే.

నాకు బాగా నచ్చింది మాత్రం ఎనె-ఫామ్ అనే ఇంటి కరెంటు యంత్రం. పక్కింటి వాళ్ల పెరటి గోడకి బీరువా అంత పెట్టె ఉంది. పైపులో వచ్చిన గ్యాస్ నుంచి హైడ్రోజన్ తీసి, మంట పెట్టకుండానే కరెంటు చేస్తుంది. ఒసాకా గ్యాస్ అమ్మే రకం గరిష్ఠంగా 700 వాట్లు ఇస్తుంది. ఆ పనిలో పుట్టే వేడితో స్నానాల నీళ్లు కాగుతాయి. తొట్టి నిండగానే వంటింట్లో చిన్న పాట, తర్వాత "స్నానం సిద్ధం" అంటూ ఒక ఆడగొంతు. మన తాంబరంలో ఇది చెల్లదులెండి, మే నెలలో కుళాయి తిప్పితేనే వేణ్ణీళ్లు! అక్కడి గ్యాస్ కంపెనీలు ఆటోల సీఎన్‌జీని నమ్ముకోవలసిందే. కాంచీపురం వైపు పైపులు వేసిన కంపెనీలో ఒసాకా గ్యాస్ కూడా పెట్టుబడి పెట్టింది, తెలుసా?

1905లో సరఫరా మొదలుపెట్టినప్పుడు ఒసాకా గ్యాస్ వాళ్లు గ్యాస్ తీసింది బొగ్గు నుంచి. మిగిలిన తారుతో కుస్తీ పడుతూ కార్బన్ పదార్థాల వ్యాపారం నేర్చారు. 2014లో జాకోబీ అనే స్వీడన్ కంపెనీని కొన్నారు. అది కొబ్బరి చిప్పల బొగ్గుతో నీళ్లు వడగట్టే కార్బన్ చేస్తుంది. మన ఇంటి ఫిల్టర్‌లోని నల్ల గుళికలది ఆ జాతే. సొంత పెరట్లో మొలిచిన వ్యాపారం కాబట్టే నిలబడిందని నా లెక్క.

నాకు అనుమానం ఉన్నది వాళ్ల కొత్త పథకం మీదే. కార్బన్ డయాక్సైడ్‌కి హైడ్రోజన్ కలిపి మీథేన్ చేస్తారట. పైపులూ పొయ్యిలూ మార్చక్కర్లేదు. ఇక్కడ జరిగిన 2025 ప్రపంచ ప్రదర్శన ఎక్స్‌పోలో తిండి వ్యర్థాల గ్యాస్‌తో చేసి చూపించారు కూడా. కానీ కరెంటు పోసి హైడ్రోజన్, దాన్ని పోసి మీథేన్, చివరికి దాన్ని మళ్లీ మండించడం! నాలుగు హైడ్రోజన్ అణువులకి ఒక్క మీథేన్, మిగతాది నీళ్లు. ఇన్నేళ్లు కెమిస్ట్రీ చెప్పారు కదా, ఎంత శక్తి వృథా అవుతుందో కాగితం మీద వేసి ఫొటో పంపండి. ఇక్కడ మా ఆయనతో పందెం కాశాను.

మీ చిన్నమ్మాయి